దీనమ్మ కుట్టని అంగీ

నేను ఒక తెల్ల అంగీని. చొక్కాను కాను, జుబ్బాను కాను. మెడ నుంచి మడమల దాకా వేలాడుతూ ఆదివారం పూట గుడిలో పాస్టరుగారి ఒంటిమీద ఉండవలసిన బట్టను. ఆ ఒంటిని వదిలి చాలా కాలమైంది. ఎలా వదిలానో చెబుతాను. తొందరేమీ లేదు. కోర్టుకు వచ్చినవాళ్ళకు తొందర ఉండి లాభం లేదు.

నన్ను నేసింది చీరాల మగ్గం. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. మగ్గం మీద నేను ఉత్త బట్టను. పక్కమీద దుప్పటిగా పోయినా, పాడెమీద కప్పుగా పోయినా నన్ను అడిగేవాడు లేడు. నన్ను అంగీని చేసింది దీనమ్మ.

దీనమ్మ చాట్ల క్రీస్తుదానంగారి భార్య. తల్లీ తండ్రీ లేక మిషను బోర్డింగులో పెరిగిన పిల్ల. అక్కడ ఆడపిల్లలకు రెండే నేర్పేవారు, పాటలూ కుట్టూ. పాటలు ఆమెకు అబ్బలేదు. క్రీస్తుదానంగారు పల్లె పల్లెకూ సైకిలు తొక్కుతూ బోధకుడి పని చేసి, చివరికి గురుపట్టం పొంది పాస్టరు కాబోతున్నాడని తెలిసినప్పుడు, పాస్టర్లకు అంగీలు కుట్టే దర్జీ ఒకడు పట్నంలో ఉన్నాడని అందరూ చెప్పారు. దీనమ్మ వినలేదు. తనే బజారుకు పోయి నన్ను తెచ్చుకుంది.

మొగుణ్ణి వాకిట్లో నిలబెట్టి కొలతలు తీసింది. సంచి తగిలించుకుని తిరిగి తిరిగి ఆయన ఎడమ భుజం కొంచెం దిగిపోయింది. ఆ సంగతి ఆయనకే తెలియదు. దీనమ్మ ఆ వైపు దించి కత్తిరించింది. టాకాలు వేసి తొడిగి చూసింది, విప్పింది, మళ్ళీ వేసింది. భుజం కుట్టు ఆమెకు నచ్చేదాకా నేను ఒక రూపానికి రాలేదు. కాజాలు చేత్తో కుట్టింది. నేను తయారయ్యాక గంజిపెట్టి, ఇస్త్రీ చేసి, దండెం మీద వేసి ఎదురుగా కూర్చుని చూసుకుంది. నన్ను అలా చూసిన మనిషి ఇంకొకరు లేరు.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. గురుపట్టం ఇచ్చే రోజున కొత్త పాస్టరు అంగీ తనకు తానుగా తొడుక్కోకూడదు. సంఘంలో పెద్దవాడు తన చేతులతో తొడిగి, సంఘం పేరున తొడుగుతున్నానని అందరికీ వినిపించేలా చెప్పాలి. ఆ అంగీ ఎవరు తెచ్చారని ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదు. అందుకని దీనమ్మ నన్ను వార్తాపత్రికలో చుట్టి, గుడి పక్క గది గుమ్మంలో నిలబడి, సంఘం పెద్ద ఇశ్రాయేలుగారి చేతికిచ్చింది. ఆయన ఆమె మొహం చూడకుండానే అందుకున్నాడు. గుడి నిండా జనం ముందు క్రీస్తుదానంగారి భుజాల మీద నన్ను వేశాడు. గడ్డం కింద గుండీ పెట్టాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఆ రోజు నుంచి నేను సంఘం ఇచ్చిన అంగీని. కుట్టిన చేతులను ఎవరూ చూడలేదు, తొడిగిన చేతులను అందరూ చూశారు. మనుషుల జ్ఞాపకం అంతే.

తర్వాత చాలా ఏళ్ళు బాగానే గడిచాయి. కాలువలో బాప్తిస్మాలు ఇచ్చేటప్పుడు నడుం దాకా తడిశాను. పెళ్ళిళ్ళలో అక్షింతల బదులు చల్లే పూలరేకులు నా మడతల్లో ఇరుక్కునేవి. సమాధుల దగ్గర మట్టి అంటేది. కోతపండుగకు తెచ్చిన పంట గుడిలో వేలం వేసేటప్పుడు ఒక గుమ్మడికాయ కోసం ఇద్దరు పెద్దలు కాలర్లు పట్టుకుంటే, మధ్యలో దూరిన పాస్టరుగారితో పాటు నేనూ దెబ్బ తిన్నాను. ప్రతి శనివారం దీనమ్మ నన్ను ఉతికి నీలిమందు పెట్టేది. క్రీస్తుదానంగారు చెడ్డవాడు కాదు. 'అయ్యగారూ' అని పిలిపించుకోవడం ఇష్టం. నన్ను తొడుక్కున్నప్పుడు గొంతు కొంచెం మారేది. అంతకంటే తప్పు నేను చూడలేదు.

రానురాను దీనమ్మకు ఆయాసం వచ్చింది. గుండెలో కవాటం పాడైందన్నారు. సంఘం పాస్టరుకు ఇచ్చిన ఇల్లు మిషను ఆసుపత్రి గోడను ఆనుకుని ఉంది. గోడలో చిన్న తలుపు. పాస్టరు ఇంటివాళ్ళు ఆ తలుపులోంచి పోయి డాక్టరమ్మకు చూపించుకోవచ్చు. ఆయాసం ఎక్కువైనప్పుడు దీనమ్మ గోడ పట్టుకుని ఆ నాలుగడుగులు నడిచేది. అంతకు మించి నడవలేకపోయేది. డాక్టరమ్మ ఒకసారి క్రీస్తుదానంగారితో, "ఈవిణ్ణి ఇక్కణ్ణుంచి దూరంగా తీసుకుపోవాకండి అయ్యగారూ. ఆయాసం వచ్చిన గంటలో నేను దొరకాలి," అంది. ఆ ఇల్లు ఆమె ప్రాణం అని నేను అంటే అలంకారం కాదు.

గొడవ బల్ల దగ్గర మొదలైంది. ఇశ్రాయేలుగారి కొడుకు ఆశీర్వాదం పెళ్ళాన్నీ పిల్లల్నీ పుట్టింటికి తోలేసి పట్నంలో ఇంకొకామెను పెట్టుకున్నాడు. ఈస్టరు నాడు ఆమెను వెంటబెట్టుకుని, రొట్టె, రసం పంచే ప్రభువు బల్లకు వచ్చి మోకాళ్ళూని చేతులు చాపాడు. క్రీస్తుదానంగారు రొట్టె పళ్ళెంతో వరసగా వస్తున్నాడు. అతని దగ్గర ఆగలేదు. నా చెయ్యి అతని తల దాటి పక్కనున్న ముసలమ్మ దగ్గరికి పోయింది.

ఆరాధన అయ్యాక ఇశ్రాయేలు గదిలోకి వచ్చాడు.

"ఏందయ్యగారూ, మావోణ్ణి ఒట్టి చేతుల్తో లేపావంట?"

"కట్టుకున్నది పుట్టింట్లో ఏడస్తా ఉంటే బల్ల కాడికి ఎట్టా వచ్చాడు పెద్దయ్యా?"

"అది మా కొంప సంగతి. నీకెందుకు? మా జీతం తినే మనిషివి నువ్వు. ఎవురికి పెట్టాల్నో ఎవురికి పెట్టకూడదో జీతగాడు చెప్పేదేంది?"

"జీతం మీదే పెద్దయ్యా. బల్ల మాత్రం మీది కాదు."

క్రీస్తుదానంగారికి తన మాట నచ్చింది. ఇంటికి వెళ్ళి దీనమ్మకు రెండుసార్లు చెప్పాడు. దీనమ్మ నన్ను మడత పెడుతూ, "అనకుండా ఉంటే పోయేది గదా," అంది. ఆమెకు ఇశ్రాయేలు తెలుసు.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం, ప్రకటనల సమయంలో, ఒక పెళ్ళి ప్రకటనకూ ప్రహరీగోడ సిమెంటు సంగతికీ మధ్య, ఇశ్రాయేలు ఇంకొకటి చదివాడు. అయ్యగారి సేవ సంఘానికి ఇక అక్కరలేదు, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి. కారణం చెప్పలేదు. ఏమిటి నీ సంజాయిషీ అని అడగలేదు. ఆడవాళ్ళ వైపు గుసగుస లేచింది. మగవాళ్ళు నేల చూశారు. అందులో సగం మంది పిల్లలకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు నేను ఉన్నాను.

క్రీస్తుదానంగారు నన్ను విప్పి గదిలో పెట్టకుండా, తొడుక్కునే ఇంటికి నడిచాడు. అంతే ఆయన చేసిన తిరుగుబాటు.

దీనమ్మ నన్ను ఉతికి ఆరేసింది. నీళ్ళింకా కారుతుండగానే ఇశ్రాయేలు ఇద్దరు కానిస్టేబుళ్ళను తీసుకుని వచ్చాడు. సంఘం ఆస్తి అయిన అంగీని తీసేసిన పాస్టరు ఎత్తుకుపోయాడని కేసు. కానిస్టేబులు నన్ను తీగ మీద నుంచి లాగాడు.

"ఆరనియ్యండి బాబూ," అంది దీనమ్మ గుమ్మం పట్టుకుని. "తడిది మడత పెడితే మచ్చలు పడతయ్యి."

ఎవరూ వినిపించుకోలేదు. స్టేషన్లో ఎస్సై నన్ను చూసి నవ్వాడు.

"ఏందిరా ఇది? దండెం మీద గుడ్డ దొంగతనమా?"

"గుడ్డ కాదు సార్, అంగీ. ఆరబెట్టి సీలెయ్యాల్నా, ఇట్టానే సీలేసేదా?"

"ఇట్టానే ఎయ్యి. దేవుడి బట్ట, చెడిపోదులే."

చెడిపోయాను. సంచిలో కుక్కి లక్క వేశారు. మళ్ళీ వెలుతురు చూసేసరికి ఒళ్ళంతా నల్లమచ్చలు.

వెలుతురు చూసింది లేబర్ కోర్టులో. పోలీసుల దగ్గర నుంచి నన్ను సాక్ష్యంగా అక్కడికి తెప్పించారు. క్రీస్తుదానంగారు తనను తీసేయడం చెల్లదని కేసు వేశాడు. తీర్పు వచ్చేదాకా ఇల్లు ఖాళీ చేయించకూడదని కోర్టు అన్నది. దానికి సంఘం వకీలు ఇచ్చిన జవాబు నా ముందే చదివారు. పాస్టరు ఉద్యోగి కాడట. దేవుడు పిలిస్తే వచ్చినవాడట. సంఘానికి ఆత్మీయ తండ్రి అట. తండ్రికీ పిల్లలకూ మధ్య నౌకరీ ఎక్కడిది, నోటీసు ఎక్కడిది, లేబర్ కోర్టుకు ఇక్కడ పనేమిటి? గుడి గదిలో జీతగాడు. కోర్టు గదిలో తండ్రి. రెండు మాటలూ ఇశ్రాయేలువే, అర్థం మాత్రం ఒకటే, బయటికి పొమ్మని.

క్రీస్తుదానంగారి తరఫు వకీలు నాగభూషణం తెలివైనవాడు. నన్ను గుర్తుపట్టడానికి బల్లమీద పరిచిన రోజున ఆయన నా మచ్చల మీద వేలు ఆనించి పాస్టరుగారి చెవిలో మాట్లాడాడు.

"అయ్యా, వాళ్ళ తలకాయ వాళ్ళే ఉరిలో పెట్టుకున్నారు. అంగీ మాదేనని పోలీసులకి చెప్పారుగా? పనివాడికి బట్టలిచ్చేది యజమాని. ఇది వాళ్ళిచ్చిందేనని మీరూ ఒప్పుకోండి. మీరు ఉద్యోగి అయిపోతారు. ఉద్యోగయితే కొలువూ ఉంటది, ఇల్లూ ఉంటది, పని బట్ట ఇంటికి తెచ్చుకుంటే దొంగతనమూ కాదు."

"ఇది మా ఆవిడ కుట్టిందండీ."

"అని దీనిమీద ఏమన్నా బోర్డుందా?"

"ప్రమాణం చేసి ఎట్టా చెప్పమంటారండీ?"

"తొడిగిందెవరు?"

"ఇశ్రాయేలుగారు."

"ఎవరి పేరున?"

"సంఘం పేరున."

"ఇంకేంది మరి? అదే చెప్పండి. కుట్టుపని సంగతి మిమ్మల్ని ఎవరడిగారు?"

క్రీస్తుదానంగారు గుడిలో ఎన్నోసార్లు కాపరి గురించీ జీతగాడి గురించీ ప్రసంగించాడు. తోడేలు వస్తే జీతగాడు పారిపోతాడని చెప్పేటప్పుడు నా చేతులు రెండూ పైకి లేచేవి. ఇప్పుడు తానే జీతగాణ్ణని ఆయన నోటితో ఆయన చెప్పాలి. చెప్పకపోతే గోడలో తలుపు మూసుకుపోతుంది. అవతల డాక్టరమ్మ, ఇవతల దీనమ్మ.

బోనెక్కి చెప్పాడు. "నేను వాళ్ళ దగ్గర ఉద్యోగం చేశాను, అంగీ సంఘం ఇచ్చింది," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. నన్ను తొడుక్కోకపోయినా ఆ రోజు గొంతు మారుతుందేమో అనుకున్నాను.

సంఘం వకీలు అప్పటికి ప్రమాదం గ్రహించాడు. వాయిదా అడిగి, తర్వాతసారి ఇశ్రాయేలును బోనెక్కించాడు. ఇశ్రాయేలు నన్ను చూపించి, "ఉన్నమాట చెప్తన్నా బాబూ. ఇది మేవిచ్చింది కాదు. ఆయమ్మే కుట్టి పేపర్లో చుట్టి నా చేతికిచ్చింది. మాదేనని పోలీసులకి పొరపాటున చెప్పా," అన్నాడు. ఆ గదిలో నా గురించి ఎవరైనా నిజం చెప్పడం అదే మొదటిసారి. ఆమెను వీధిలోకి నెట్టడానికి చెప్పాడు. నిజం కూడా ఎవడి చేతిలో ఉంటే వాడి మాట వింటుందని అప్పుడు తెలిసింది.

ఆ పట్టు వదలకుండా సంఘం వకీలు దీనమ్మనే సాక్ష్యానికి పిలిపించాడు. పాస్టరు భార్య, దేవుని పేరున ప్రమాణం చేసి అబద్ధమాడదని ఆయన ధీమా.

ఆమె మెట్లెక్కి లోపలికి వచ్చేసరికి జడ్జిగారే కుర్చీ వేయించారు. కాళ్ళు వాచి ఉన్నాయి. చెప్పుల్లో పట్టడం లేదు. ప్రమాణం చేయించారు. ఊపిరి పట్టుకుని చేసింది.

"అమ్మా, తమరు మిషను బోర్డింగులో కుట్టు నేర్చుకున్నారు కదా?"

"నేర్పారండీ. అందరికీ నేర్పారు."

"ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు మీరు కుట్టిన జాకెట్లే వేసుకుంటారని విన్నాం."

"చీరలకి ఫాల్సు ఏస్తానండీ. జాకెట్లు నాకు కుదరవు."

వెనక బెంచీలో మా సంఘం ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆమె కుట్టిన జాకెట్లు వేసుకునే వచ్చారు. ఒక్కరూ కదలలేదు. ఆ సంఘం మొత్తానికి నేను మెచ్చుకునే పని అదొక్కటే.

వకీలు నన్ను తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాడు. "ఎడమ భుజం దించి కత్తిరించారు, చూడండి. మీ ఆయన ఎడమ భుజం దిగి ఉంటుంది, అదీ చూడండి. మనిషి ఒళ్ళు తెలిసినవాళ్ళు కాకపోతే ఇంకెవరు కత్తిరిస్తారమ్మా ఇట్లా?"

ఆమె నన్ను తిరగేసింది. భుజం కుట్టు మీద బొటనవేలు పోనిచ్చి మెడ దాకా తీసుకువెళ్ళింది. నల్లమచ్చను గోటితో గీకి చూసింది. పోలేదు. మొగుడి వైపు చూడలేదు. నన్ను నాలుగు మడతలు వేసి, అంచులు సరిచేసి, వకీలు చేతికి తిరిగి ఇచ్చింది.

"నాకింత నేర్పు ఎక్కడిదండీ," అంది.

కోర్టులో నవ్వారు. జడ్జిగారు కూడా నవ్వి రాసుకున్నారు. ఆమె చేతులు నన్ను తాకడం అదే ఆఖరు.

గెలిచారు. తీసేయడం చెల్లదనీ, కొలువు తిరిగి ఇవ్వాలనీ తీర్పు వచ్చింది. నాగభూషణం స్వీట్లు పంచాడు. నేను సాక్ష్యం వస్తువును కనుక కోర్టులోనే, సామాను గదిలో, ఒక బరిసెకూ ఒక కల్తీ నూనె డబ్బాకూ మధ్య ఉండిపోయాను. అక్కడి నుంచి జరిగింది గుమస్తాల మాటల్లో విన్నదే.

క్రీస్తుదానంగారు మామూలు చొక్కాతో గుడికి వెళ్ళాడట. జనం వచ్చి కూర్చున్నారట. ప్రసంగం విన్నారట. బల్లకు రమ్మంటే ఒక్కరూ లేవలేదట. "జీతగాణ్ణని కోర్టులో ఒప్పుకున్నోడి చేతి రొట్టె తినేదేంది," అని ఇశ్రాయేలు బయట అన్నాడట. ఆ మాట మొదట అన్నది తనేనని ఆయనకు గుర్తు లేదు. ఆదివారం తర్వాత ఆదివారం క్రీస్తుదానంగారు రొట్టె విరిచి, గిన్నె ఎత్తి, తనొక్కడే తీసుకుని కిందికి దిగేవాడు. చివరి వరసలో దీనమ్మ ఉండేది. లేచి ముందుకు నడిచే శక్తి ఆమెకు లేదు. ఆయనే పళ్ళెం పట్టుకుని ఆమె దగ్గరికి పోయేవాడట.

సంఘం హైకోర్టుకు పోయింది. అక్కడ పెట్టిన పెద్ద వకీలు క్రీస్తుదానంగారిని పొగిడిన తీరు గుమస్తా ఒకడు పేపరు చూసి చదివాడు. పాస్టరు పదవి పవిత్రమైనదట. దాన్ని కూలిపనితో పోల్చడం ఆ మహానుభావుణ్ణి అవమానించడమట. జీవితంలో ఆయన్ను అంతగా పొగిడినవాళ్ళు లేరు. కోర్టు ఆ మాటలు అంగీకరించింది. ఆయన ఉద్యోగి కాడు, కింది తీర్పు కొట్టేశారు. పవిత్రుడని తేల్చి ఇల్లు ఖాళీ చేయమన్నారు.

మెట్ట ప్రాంతంలో దీనమ్మ మేనత్త కూతురి ఊరికి పోయారు. అక్కడ డాక్టరు లేడు. ఆ ఎండాకాలం దాటలేదామె. ఆయాసం వచ్చింది, గంట దాటింది. అంతే.

కేసు పూర్తిగా ముగిశాక, సాక్ష్యం వస్తువులు తీసుకుపొమ్మని ఇద్దరికీ కబురు వెళ్ళింది. ఒకే రోజున వచ్చారు. ఇశ్రాయేలు చేతికర్రతో, క్రీస్తుదానంగారు మాసిన గడ్డంతో. ఒకరినొకరు పలకరించుకోలేదు. సామాను గది గుమస్తా నన్ను దులిపి బల్లమీద పెట్టాడు.

"ఎవరిదండీ ఇది? సంతకం పెట్టి పట్టకపోండి."

"మాది కాదు," అన్నాడు ఇశ్రాయేలు. "కాదని ప్రమాణం చేసి చెప్పాం. ఇప్పుడు పట్టకపోతే మళ్ళీ ఏదో ఒకటి మెడకి చుట్టుకుంటదని వకీలుగారు చెప్పారు."

"అయితే మీరు తీసుకోండి పాస్టరుగారూ."

"సంఘానిదని చెప్పానండీ నేను."

"అయిపోయిన కేసండీ అది. 'మా ఆవిడ కుట్టింది' అని ఒక్క ముక్క రాసివ్వండి చాలు. ఎవరడగొచ్చారు?" గుమస్తా మంచివాడే. పెన్ను కూడా ఇవ్వబోయాడు.

క్రీస్తుదానంగారు పెన్ను తీసుకోలేదు. చెయ్యి ఒకసారి నా భుజం దాకా వచ్చి ఆగింది.

"ఆవిడ కుట్టలేదని చెప్పిందండీ, దేవుడి పేరున. ఆవిడ లేదిప్పుడు. కుట్టిందని నేను రాసిస్తే, ఆవిడ అబద్ధం ఆడిందని నేను రాసిచ్చినట్టే గదా."

"ఎవరు చూస్తారయ్యా?"

ఆయన వరండాలోకి నడిచి, ఎడమ భుజం దించుకుని మెట్లు దిగిపోయాడు. ఇశ్రాయేలు కర్ర నేలకానించి కొంతసేపు నా వైపు చూశాడు. దగ్గాడు. ఆయనా పోయాడు.

ఎవరికీ చెందని వస్తువు కోర్టుదే. అటెండరు నన్ను చింపి, కేసు కట్టలకు చుట్టే గుడ్డలు చేశాడు. నా వీపు ఇప్పుడు ఏదో చెరువు గట్టు తగాదా చుట్టూ ఉంది. చేతులు ఏమయ్యాయో తెలియదు. వాయిదా రోజున ముడి విప్పుతారు, కాగితాలు తిరగేస్తారు, మళ్ళీ కడతారు. కట్టేవాళ్ళు నా అంచుల వైపు చూడరు.

ఇశ్రాయేలును నేను క్షమించను. పాస్టరుగారు రొట్టె పట్టుకుని పిలిచినప్పుడు లేవని ఆ సంఘాన్ని క్షమించను. క్రీస్తుదానంగారి సంగతే నాకు తెగదు. ఆ రోజు గుమస్తా ఇవ్వబోయిన పెన్ను తీసుకుని ఉంటే నేను ఆయన ఇంట్లో ఉండేవాణ్ణి. దీనమ్మ అబద్ధాలకోరు అయ్యేది. ఆయన నన్ను వదిలి ఆమె మాట నిలబెట్టాడు. చేయవలసిన పనే అది. ఆమె బతికి ఉండగా, బోనులో, ఆమె కుట్టిందని చెప్పి, ఆమె పక్కన నిలబడి ఉండవలసింది.